విజిల్ మీద రక్తపు మరక

పోయిన డిసెంబరులో ఒక ఉదయం వాలీబాల్ నెట్టు బిగిస్తుంటే ఉక్కు తీగ కొస తగిలి నా కుడిచేతి చూపుడు వేలు తెగింది. మా వృత్తిలో అలాంటిది గాయం కింద లెక్క కాదు. కుళాయి కింద వేలు పెట్టి, నెత్తురు ఆగగానే పనిలో పడ్డాను. నేను నెల్లూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలకు ఫిజికల్ డైరెక్టర్‌ని. ఆ రోజు మా మైదానంలో అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలు. తెల్లవారుజాము నుంచి ముగ్గు పిండితో గీతలు వేయించడం, జట్ల పేర్లు రాసుకోవడం, పిల్లలందరికీ టిఫిను అందిందో లేదో చూసుకోవడం. ఇన్ని పనుల మధ్య తెగిన వేలు ఎవరికి గుర్తుంటుంది?

పదకొండు గంటల ప్రాంతంలో కూతకు వెళ్లిన ఒక కుర్రాడిని అవతలి జట్టు వాళ్లు రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. ఆ పట్టులో ఒకడి తల ఇతని కనుబొమకు గట్టిగా తగిలింది. కనుబొమ చీలితే ఎంత రక్తం వస్తుందో చూసినవాళ్లకే తెలుసు. చిన్న గాటు చాలు, ముఖమంతా ఎర్రబడిపోతుంది. పరుగెత్తి వెళ్లి, భుజం మీది తువ్వాలు మడిచి గాయం మీద అదిమి పట్టుకున్నాను. గట్టిగా నొక్కి పట్టుకుంటేనే రక్తం ఆగుతుందని పద్దెనిమిదేళ్ల అనుభవం నేర్పింది. తువ్వాలు తడిసింది, నా అరచేయి తడిసింది, మణికట్టు దాకా కారింది. ఐదారు నిమిషాల తర్వాత ధార తగ్గింది. కుట్లు వేయించడానికి వాళ్ల సార్‌తో పాటు ఆటోలో పంపించాము.

మైదానం పనులు చూసే పెద్దాయన వంగి, రక్తం పడిన మట్టిని రెండు చేతులతో తోడి గోడవారన పోశాడు. ఒక బకెట్టు నీళ్లు తెచ్చారు. అందులోనే నేను, ఆయన, ఆ పిల్లవాడిని పట్టుకున్న మరో ముగ్గురు చేతులు కడుక్కున్నాము. అయిదుగురికీ ఒకటే బకెట్టు. ఆట ఆగిపోయిందని జనం గోల చేస్తున్నారు. మెడలో ఉన్న విజిల్ తీసి నోట్లో పెట్టుకుని ఊదాను.

మధ్యాహ్నం ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాను, వేలికి తీగ తగిలింది కదా అని. ధనుర్వాతానికి సూది వేసి పంపించారు. అక్కడ ఎవరూ మైదానంలో ఏమి జరిగిందని అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని నాకు తోచనే లేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో సంచి సర్దుతుంటే విజిల్ చేతికి వచ్చింది. నోటితో పట్టుకునే చోట, సన్నని గాడిలో, గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ రక్తం నా చేతిలోని గాటు మీద అయిదు నిమిషాలు ఉంది. ఆ తర్వాత నా నోట్లోకీ వెళ్లింది.

మా ఆడపడుచు ఒంగోలులో స్టాఫ్ నర్సు. ఫోను చేసి ఏదో మాటల్లో మాటగా చెప్పబోయాను. ఆమె గొంతు మారిపోయింది. "వదినా, వేలు తెగి రక్తం తగిలేసరికి ఎన్ని గంటలైంది? అబ్బాయి రక్తం తగిలి ఇప్పటికి ఎంతసేపైంది? సబ్బుతో కడిగావా?" అని వరుసగా అడిగింది. స్పిరిట్ పోశానని, వేలు పిండి కాస్త రక్తం పోనిచ్చానని చెప్పాను. "పిండకూడదు. స్పిరిట్, డెట్టాల్ పోయకూడదు. ధారగా పడే నీళ్లు, సబ్బు, అంతే. సరే, అయిందేదో అయింది. అన్నయ్యను బండి తీయమను. పొద్దుటిదాకా ఆగవద్దు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. హెచ్ఐవి ఉన్న రక్తం తగిలిందేమోనన్న అనుమానం ఉంటే, వైరస్ ఒంట్లో పాతుకోకముందే మాత్రలు మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఉంది. రెండు గంటల్లోపు వేసుకుంటే అన్నిటికన్నా మంచిది. 72 గంటలు దాటితే వేసుకుని ప్రయోజనం లేదు. నాకు అప్పటికి తొమ్మిదిన్నర గంటలు గడిచిపోయాయి.

నెల్లూరు చేరేసరికి పదిన్నర. అత్యవసర విభాగంలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నేను చెప్పింది విని, "మీరు నర్సా అమ్మా? ల్యాబులో పనా?" అని అడిగింది. కాదండి, కళాశాలలో ఆటలు నేర్పిస్తాను అన్నాను. ఆమె ముందున్న రిజిస్టరులో రక్తం తగిలినవారి వృత్తి రాయడానికి గడులు ఉన్నాయి: డాక్టరు, నర్సు, టెక్నీషియన్, పారిశుద్ధ్య సిబ్బంది. నన్ను ఎక్కడ రాయాలో ఆమెకు తెలియలేదు. కాసేపు ఆలోచించి "ఇతరులు" అని రాసింది. ఆమె తప్పేమీ లేదు. ఆ రాత్రి ఆమె ఒక్కతే నాతో విషయం మొత్తం విడమరచి మాట్లాడింది. కానీ ఆ "ఇతరులు" అన్న మాట నా మనసులో ఉండిపోయింది. ఈ రాష్ట్రంలో ఎన్ని కళాశాలలు, ఎన్ని మైదానాలు! వాటిలో రక్తం కనబడగానే ముందు పరుగెత్తేది మేమే. మా కోసం ఒక గడి కూడా లేదు.

డాక్టరమ్మ లెక్కలు చెప్పింది. హెచ్ఐవి ఉన్న మనిషికి గుచ్చిన సూది మరొకరికి గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యిలో సుమారు మూడు. కంట్లోనో నోట్లోనో రక్తం పడితే వెయ్యిలో ఒకటి కన్నా తక్కువ. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ అయితే సూది గుచ్చుకున్న వందమందిలో ఇద్దరి లోపు. హెపటైటిస్ బి మాత్రం టీకా లేనివారికి వందలో ఆరు నుంచి ముప్పై దాకా. "మీరు హెచ్ఐవి అని భయపడి వచ్చారు. నాకు అంతకన్నా ఎక్కువ ఆందోళన హెపటైటిస్ బి గురించి. టీకా వేయించుకున్నారా?" అంది. లేదు. నా చిన్నప్పుడు ఇక్కడి పిల్లలకు ఆ టీకా వేసేవారు కాదు. దేశమంతటా పసిపిల్లల టీకాల్లో అది చేరింది 2011 నాటికి. నలభై దాటిన మా తరానికి ఎవరైనా గుర్తుపెట్టుకుని వేయిస్తే తప్ప లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ హెపటైటిస్ బి టీకాను మన దేశంలో జన్యు పరిజ్ఞానంతో మొదటిసారి తయారు చేసి, 1997లో సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు నెల్లూరు జిల్లాలో పుట్టినవారే. మా జిల్లా మనిషి పట్టుదలతో వచ్చిన టీకా, మా జిల్లా మైదానంలో పద్దెనిమిదేళ్లు పనిచేసిన నా చేతికి చేరలేదు. ఆ రాత్రి ఆ సంగతి తలుచుకుని చాలా బాధపడ్డాను.

రక్తం తీసుకున్నారు: హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, మూత్రపిండాల పనితీరుకు క్రియాటినిన్. గర్భం ఉందేమో అడిగారు. మొదటి మాత్ర అక్కడే, వాళ్ల ముందే వేసుకున్నాను. ఒకే మాత్రలో మూడు మందులు: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. రోజుకు ఒకటి, 28 రోజులు. పరీక్షల ఫలితాల కోసం ఆగవద్దని, మాత్ర ముందు, ఫలితం తర్వాత అని చెప్పారు. హెపటైటిస్ బి విషయంలో నాకు టీకా లేదు, ఆ అబ్బాయి సంగతి తెలియదు. అందుకని ఒక చేతికి టీకా మొదటి మోతాదు, రెండో చేతికి ఇమ్యునోగ్లోబ్యులిన్ వేశారు. టీకా నిదానంగా రక్షణ తయారు చేస్తుందట, ఆ లోపు కాపు కాసేది ఈ రెండోది. 24 గంటల్లోపు పడితే మేలు అన్నారు. హెపటైటిస్ సికి టీకా లేదు, ముందు జాగ్రత్త మాత్రా లేదు. కానీ సోకినా మూడు నెలల మాత్రలతో చాలామందికి పూర్తిగా నయమవుతుందని, అందుకే పరీక్షలు మానవద్దని చెప్పారు.

మర్నాడు మిగిలిన మాత్రల కోసం, హెచ్ఐవి ఉన్నవారికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాను. బల్ల మీద కూర్చుని చున్నీతో సగం ముఖం కప్పుకున్నాను. తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారో అని. పక్కన కూర్చున్న ఆమె, నా వయసే ఉంటుంది, బిస్కెట్ల పొట్లం నా వైపు జరిపి "మొదటిసారా అక్కా?" అని అడిగింది. తను పన్నెండేళ్లుగా మందులు వాడుతోందట. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఏమీ లేదట. ఒక్కరోజూ మాత్ర తప్పలేదని ఎంతో నిబ్బరంగా చెప్పింది. నేను చున్నీ తీసేశాను. ఆ బల్ల మీద సిగ్గుపడాల్సింది ఆమె కాదు, ఆమె పక్కన ముఖం కప్పుకున్న నేను.

కౌన్సిలర్ చాలా సంగతులు చెప్పారు. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలు, కడుపు మంటకు వేసుకునే యాంటాసిడ్ మందులు దీనితో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. ఈ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాత వాటిని వేసుకోవాలి, లేదా వాటిని వేసుకున్న ఆరు గంటల తర్వాత ఈ మాత్ర వేసుకోవాలి. నేను మోకాళ్ల నొప్పులకు క్యాల్షియం వేసుకుంటున్నాను, ఆమె అడగకపోతే రెండూ కలిపి మింగేదాన్ని. పరీక్షలు పూర్తయ్యేదాకా రక్తదానం చేయకూడదు, భార్యాభర్తల మధ్య కండోమ్ వాడాలి. ఈ మాట విన్నప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకుని "ఆరు నెలలే కదా" అన్నారు.

తర్వాత ఆ అబ్బాయి విషయం వచ్చింది. అతను పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని తేలితే నా మాత్రలు ఆపేయవచ్చు. కానీ అతని సమ్మతి లేకుండా ఎవరూ పరీక్ష చేయకూడదు. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. వాళ్ల కళాశాల ద్వారా అడిగిస్తే మాట ఊరంతా పాకుతుంది. కబడ్డీలో దెబ్బ తగిలిన పిల్లవాడు "ఆ జబ్బున్నవాడు" అయిపోతాడు. అందుకని వాళ్ల సార్‌ను నంబరు మాత్రం అడిగి, కారణం చెప్పకుండా, నేనే ఫోను చేశాను.

"అబ్బయ్యా, కుట్లు ఎలా ఉన్నాయి?" అని మొదలుపెట్టాను. బాగానే ఉంది మేడం అన్నాడు. నెమ్మదిగా చెప్పాను. నీ మీద అనుమానంతో కాదు, ఎవరి రక్తం తగిలినా ఇలాగే అడుగుతారు అన్నాను. కాసేపు మాట లేదు. "మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడు మేడం, నన్ను వదిలేయండి" అన్నాడు. ఇంకో మాట అని ఉంటే ఒప్పుకునేవాడేమో. అనలేదు. సరేనయ్యా, గాయం తడవనివ్వకు అని చెప్పి పెట్టేశాను. 28 రోజులు మాత్రలు వేసుకున్నాను. ఆ నిర్ణయం గురించి మా ఇంట్లో ఒకరిద్దరు ఇప్పటికీ నాతో ఏకీభవించరు. పందొమ్మిదేళ్ల పిల్లవాడిని, అదీ నా మైదానంలో దెబ్బ తగిలించుకున్నవాడిని, భయపెట్టి రక్తం తీయించడానికి నాకు మనసు ఒప్పలేదు.

మాత్రల సంగతి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. మొదటి వారం వికారం, తలనొప్పి, రాత్రుళ్లు విచిత్రమైన కలలు. రెండో వారానికి సర్దుకుంది. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు పరీక్షలు చేయించుకున్నాను. అన్నీ బాగానే వచ్చాయి. జూన్‌లో ఆఖరి కాగితం చేతికి వచ్చిన రోజు మా అత్తగారు నరసింహకొండకు వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చారు.

జనవరిలో మైదానానికి తిరిగి వెళ్లాక జరిగింది అసలు కథ.

నా డబ్బుతో ఒక పెట్టె గ్లౌజులు కొన్నాను. మొదటి వారంలోనే హ్యాండ్‌బాల్ ఆడుతూ ఒక అబ్బాయి పడి మోకాలు చీరుకుంది. నేను దగ్గరకు వెళ్లి, గ్లౌజులు తొడుక్కుని, వంగాను. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు. "నేను కడుక్కుంటానులే మేడం" అన్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ ముఖం నాకు అర్థమైంది. వాళ్ల ఊరు నాకు తెలుసు, వాళ్ల కాలనీ తెలుసు. టీకొట్టులో వేరే గ్లాసు పెట్టిన రోజులను వాళ్ల తాత చూశాడు. దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసిన రోజులను చూశాడు. ఏడాదిగా ఒట్టి చేతులతో తనకు బ్యాండేజీ కట్టిన మేడం, ఈ రోజు చేతులకు రబ్బరు తొడుక్కుని ముట్టుకోబోతోంది. వైరస్‌ల గురించి నాకు చెప్పిన డాక్టర్లెవరూ ఈ సంగతి చెప్పలేదు. వాళ్లకు ఆసుపత్రిలో అందరూ గ్లౌజులతోనే కనబడతారు. మన ఊళ్లలో ముట్టుకోవడం, ముట్టుకోకపోవడం అంత తేలిక మాటలు కావు.

నేల మీద అతని పక్కనే కూర్చున్నాను. గ్లౌజు తీసి నా వేలు చూపించాను, మచ్చ ఇంకా ఉంది. ఇక్కడ తెగి ఉన్నప్పుడు ఒకరి రక్తం తగిలింది, నెల రోజులు మందులు మింగాను అని చెప్పాను. నా చేతి మీద ఏదైనా ఉంటే నీ గాయంలోకి పోకుండా కూడా ఇది అడ్డం అన్నాను. అతను విన్నాడు. నమ్మాడో లేదో ఆ రోజు తెలియలేదు. మర్నాడు మా తెలుగు లెక్చరర్ గారబ్బాయికి మోచేయి గీసుకుపోయింది. గ్లౌజులు తొడుక్కుని, పిల్లలందరి ముందు, అతనికీ అలాగే కట్టు కట్టాను. హ్యాండ్‌బాల్ అబ్బాయి అక్కడే నిలబడి చూశాడు. ఆ తర్వాత ఎప్పుడూ కాలు వెనక్కి తీసుకోలేదు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. రక్తం కనబడితే ముందు గ్లౌజులు, ఎవరిదో చూడడం తర్వాత. ఒకరికి వేసుకుని మరొకరికి మానితే అది వివక్ష. పైగా ప్రమాదం కూడా, ఎందుకంటే వైరస్ ఉన్నవాళ్లను చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు, ఉన్న విషయం చాలాసార్లు వాళ్లకే తెలియదు. అందరికీ ఒకే జాగ్రత్త ఉంటే ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు. కనుబొమ చీలిన ఆ అబ్బాయిని నేను ఫోనులో అడిగిన ప్రశ్న ఇంకెవరినీ అడగాల్సిన పరిస్థితి రాకూడదు.

ఇంకా కొన్ని మార్చాను. దెబ్బ తగిలినవాడు స్పృహలో ఉంటే శుభ్రమైన గాజుగుడ్డ మడత అతని చేతికే ఇచ్చి, "నీ చేత్తో నువ్వే గట్టిగా నొక్కిపట్టు" అంటాను. ఈ చిన్న పనితోనే ఇతరులకు రక్తం తగలడం సగానికి సగం తగ్గింది. రక్తం పూర్తిగా ఆగి, గాయం కప్పి, తడిసిన బనియను మార్చేదాకా మళ్లీ ఆటలోకి రానివ్వను. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అంతర్జాతీయ నియమాల్లో ఆ నిబంధన ఎప్పటి నుంచో ఉంది, మన ఊరి పోటీల్లోనే ఎవరూ పట్టించుకోరు. తడిసిన బనియన్లు విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడతాము. జట్టుకు ఒకే తువ్వాలు అన్నది లేదు. చేతులు కడుక్కోవడానికి బకెట్టు లేదు, మూత పెట్టిన డ్రమ్ముకు కుళాయి బిగించాము.

బకెట్టు మానడానికి ఇంకో కారణం ఉంది. చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. 1957 నుంచి 1963 వరకు స్వీడన్‌లో, పటం చూసుకుంటూ అడవుల్లో పరుగెత్తే క్రీడాకారుల్లో అయిదు వందల మందికి పైగా రక్తం ద్వారా అంటే కామెర్లు, అంటే హెపటైటిస్, వచ్చాయి. పొదలు, ముళ్లు గీసుకుని కాళ్ల నిండా గీతలు పడితే, పరుగు ముగిశాక అందరూ కలిసి ఒకే నీళ్లలో కడుక్కున్నారు. అలాగే సోకి ఉంటుందని తేల్చారు. అది చదివినప్పుడు నాకు మా క్రాస్‌కంట్రీ పరుగు కళ్లముందు మెదిలింది. సర్కారు తుమ్మ కంపల మధ్య నుంచి పరుగెత్తి వచ్చిన పిల్లలు, పిక్కల మీద ఎర్రని గీతలు, మా బకెట్టు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో ఏడు రోజుల పాటు కూడా బతికి ఉండగలదు. చెమటతోనో, కరచాలనంతోనో, ఒకరినొకరు పట్టుకోవడంతోనో ఇవి అంటవు. ఆ మాట కూడా పిల్లలకు ప్రతి ఏడాదీ చెబుతాను, లేకపోతే కబడ్డీ ఆడడానికే భయపడతారు.

మట్టి కోర్టు మీద రక్తం పడితే పారతో తీసి, పైన బ్లీచింగ్ పౌడరు చల్లుతాము. మ్యాట్ మీద పడితే ముందు కాగితంతో అద్ది తీసి, ఒక శాతం బ్లీచ్ ద్రావణం పోసి, పది నిమిషాలు ఆగి, నీళ్లతో తుడుస్తాము. కొట్టులో దొరికే అయిదు శాతం ద్రవానికి నాలుగు వంతుల నీళ్లు కలిపితే సరిపోతుంది. ముప్పై శాతం బలమున్న పౌడరైతే లీటరు నీళ్లకు 33 గ్రాములు. ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి, నిలవ ఉంటే బలం పోతుంది. వర్షాకాలమంతా మూత తెరిచి ఉంచిన పౌడరు బస్తాకు తెల్లరంగు తప్ప ఇంకేమీ మిగలదు.

టీకా దగ్గరే పోరాటం. అమెరికాలో 1991 డిసెంబరులో కార్మిక భద్రతా శాఖ ఒక నిబంధన తెచ్చింది. పనిలో రక్తం తగిలే అవకాశం ఉన్న ఉద్యోగికి, చేరిన పది పనిదినాల్లో హెపటైటిస్ బి టీకాను యాజమాన్యమే ఉచితంగా ఇవ్వజూపాలి, ఏటా శిక్షణ ఇవ్వాలి. అక్కడి కళాశాలల్లో క్రీడాకారులకు కట్లు కట్టేవారు, రక్తం అంటిన బట్టలు ఉతికేవారు కూడా ఇందులోకి వస్తారు. ఆ కాగితం, మన 2017 చట్టం కాగితం రెండూ పట్టుకుని మా ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లాను. "మనది ఆసుపత్రి కాదు కదమ్మా" అన్నారు. చట్టంలోని 19వ సెక్షన్ చూపించాను. పనిలో హెచ్ఐవి సోకే ప్రమాదం చెప్పుకోదగినంతగా ఉన్న ఇతర సంస్థలు కూడా సిబ్బందికి జాగ్రత్త సామగ్రి, శిక్షణ, ముందు జాగ్రత్త మందులు సమకూర్చాలని అందులో ఉంది. మా మైదానంలో ప్రమాదం ఆసుపత్రిలో ఉన్నంత ఉందని నేను వాదించలేదు. రాత్రి పదిన్నరకు ఆసుపత్రిలో నన్ను "ఇతరులు" అని రాశారని చెప్పాను. ఒక మనిషికి మూడు మోతాదులకు అయ్యే ఖర్చు ఒక మంచి వాలీబాల్ ధర కంటే తక్కువని లెక్క రాసి ఇచ్చాను. ఆయన చాలాసేపు ఆ కాగితం చూసి, క్రీడా నిధి నుంచి ఇద్దామని సంతకం చేశారు. ఆ సంతకానికి రెండు నెలలు పట్టింది కానీ, పెట్టాక మాత్రం తన టీకా కూడా మాతోనే వేయించుకున్నారు.

మార్చిలో మొదలుపెట్టాము. మొదటి రోజు, నెల తర్వాత, ఆరు నెలలకు, మొత్తం మూడు. వ్యాయామ విభాగంలో నలుగురం, ఎన్‌సీసీ చూసే అధ్యాపకుడు, ప్రయోగశాల అటెండరు. నాకు డిసెంబరులోనే మొదలైంది కాబట్టి జూన్‌లో ముగిసింది. టీకా వేయించుకోవడంతో పని అయిపోదని కూడా అప్పుడే తెలుసుకున్నాను. ఆఖరి మోతాదు పడిన ఒకటి రెండు నెలలకు రక్తంలో రక్షణ ఎంత ఉందో పరీక్ష చేయించుకోవాలి, ఆ అంకె పదికి తగ్గకూడదు. నాకు బాగానే వచ్చింది. మైదానం పెద్దాయనకు మాత్రం నవంబరులో చేస్తే పదికి తక్కువ వచ్చింది. వయసు పైబడినవారిలో, పొగతాగేవారిలో టీకా కొన్నిసార్లు సరిగ్గా పట్టదట. మళ్లీ మూడు మోతాదులు వేసి చూడాలన్నారు.

"మళ్లీ మూడా అమ్మా?" అన్నాడు ఆయన.

"మళ్లీ మూడే పెద్దయ్యా. చేతులతో మట్టి తోడింది మీరు కదా" అన్నాను.

ఇంకొకరు ఉన్నారు. మైదానం పక్క గదులు ఊడ్చి, ఆ సంచిలోని బనియన్లు ఉతికే ఆమె. ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషి కాబట్టి మా సిబ్బంది జాబితాలో ఆమె పేరు లేదు. పేరు లేకపోతే క్రీడా నిధి నుంచి డబ్బు రాదు. ఏజెన్సీ వాళ్లను అడిగితే కళాశాల వాళ్లను అడగమన్నారు. అందరి చేతులూ దాటి రక్తం గుడ్డలు చివరికి చేరేది ఆమె చేతికే, ఏ గడిలోనూ లేనిది ఆమే. ఆమె కోసం మందపాటి రబ్బరు గ్లౌజులు తెచ్చాను. బనియన్లు ముందు బ్లీచ్ నీళ్లలో నానబెట్టాకే చేతితో ముట్టుకోవాలని చూపించాను. జూన్‌లో ఒకటి, జూలైలో ఒకటి టీకాలు నేనే వేయించాను. ఈ విషయమై ప్రిన్సిపాల్ గారికి మళ్లీ ఒక అర్జీ రాసి ఇచ్చాను. జవాబు రావాలి.

ఈ సోమవారం పెద్దాయనకు నాలుగో సూది, ఆమెకు మూడోది. ఇద్దరినీ ఒకే ఆటోలో పొద్దున తొమ్మిదికల్లా తీసుకువెళ్తాను, పదిన్నరకు ఖోఖో జట్టు ఎంపికలు ఉన్నాయి.